మోటారు నోట్లో కొబ్బరినీళ్ళు

ఒక మనిషిని ఊరంతా దొంగ అంది. ఆయన దొంగ కాడని నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. ఒక పూటో ఒక రోజో కాదు, ఏళ్ళ తరబడి. ఆ ఏళ్ళన్నీ అన్నం తిన్నాను, నవ్వాను, పేరంటాలకి వెళ్ళాను, ఫలానావారి కోడలు బంగారం అనిపించుకున్నాను. లోపల మాత్రం ఈ బరువు మోస్తూనే ఉన్నాను. మోశాను అని రాయడానికి కూడా సిగ్గేస్తోంది. మోసింది ఆయన. ఆయన మోస్తుంటే నేను చూశాను. నేను చేసింది అంతే.

నా పేరు రాయను. పిరికిది అంటారా? అనండి, తప్పు లేదు. పేరు రాయకపోయినా మా చోడవరం వాళ్ళు చదివితే పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పడం కొంచెం సులువుగా ఉంది. ఇది రాస్తుంటే నా వేళ్ళకి ఇంకా పెట్రోలు వాసన పోలేదు. కుంకుడురసంతో కడిగాను, సున్నిపిండితో రుద్దాను, పోలేదు. ఈ ఉదయం జరిగింది చల్లారకముందే రాసెయ్యాలని కూర్చున్నాను. రేపటికి వాయిదా వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నన్ను నేను ఎరగనా?

మా ఇల్లు ఏటి ఒడ్డున. పొలాలు మాత్రం శారద ఏటికి అవతల. నేను కాపురానికి వచ్చేనాటికే మామగారు లేరు. అత్తయ్యే చెరుకు వేయించేది, బెల్లం వండించేది, బళ్ళు కట్టించి అనకాపల్లి పంపించేది. మా ఆయన అనకాపల్లిలోనే ఉండి బెల్లం అమ్మకం చూసుకుంటూ వారానికోసారి ఇంటికి వచ్చేవారు. ఇంట్లో అత్తయ్య మాటంటే మాటే. గొంతు పెంచకుండానే మనిషిని నిలబెట్టేసేది. ఆమె అంటే నాకు భయమూ ఉండేది, గౌరవమూ ఉండేది. రెంటిలో ఏది ఎక్కువో అప్పట్లో తెలియదు.

వానాకాలంలో ఏరు పొంగుతుంది. గెడతో తోసే పడవ ఆ ఉరవడికి నిలవదు. నీళ్ళు తీసేదాకా ఇవతలి కూలివాళ్ళు పొలానికి వెళ్ళలేరు, అవతలి వాళ్ళు సంతకి రాలేరు. అందుకని అత్తయ్య ఒక పడవ మోటారు కొన్నది. యుద్ధం అయిపోయాక విశాఖపట్నంలో మిలటరీ సామాను వేలం వేశారు కదా, అందులో ఎవరో కొని, వాళ్ళకి అక్కర్లేక ఇంకొకరికి అమ్మి, అలా చేతులు మారి మా వాకిట్లోకి వచ్చింది. పడవ వెనక చెక్కకి బిగిస్తారు దాన్ని. తల దగ్గర పెట్రోలు ట్యాంకు, కింద నీళ్ళలో మునిగే పొడుగాటి కాలు, ఆ కాలికి చిన్న పంకా. తల మీద చక్రానికి తాడు చుట్టి గుంజితే మొదలవుతుంది. మొదటిసారి ఏట్లో దాని చప్పుడు వినగానే అవతలి ఒడ్డున మేకలన్నీ చెరుకులో దూరాయి.

పడవ నడిపేది పైడయ్య. మామగారి కాలం నుంచీ ఆ రేవులో ఆయనే. నల్లగా, పొట్టిగా, మాటకి ముందు గొంతు సవరించుకునే మనిషి. మోటారు సంగతి ఆయనకీ మొదట తెలియదు. అమ్మినవాడు చెప్పిన నాలుగు ముక్కలు పట్టుకుని, మా పెరట్లో పశువుల కుడితి గోలెం కడిగించి, నీళ్ళు నింపి, దాని అంచుకి చెక్క వేసి మోటారు బిగించి, రోజూ తాడు గుంజి గుంజి నేర్చుకున్నాడు. నేను వంటింటి గుమ్మంలోంచి చూసేదాన్ని. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాడు నా చేతికిచ్చాడు. గుంజాను. అది భగ్గుమని లేచింది, గోలెంలో నీళ్ళు నా చీరంతా తడిపేశాయి. పుట్టింట్లో వదిలేసిన నవ్వు ఆ రోజు మళ్ళీ నవ్వాను. అప్పట్నుంచి ఆ మోటారు నాకు ఇంట్లో మనిషిలాగే అనిపించేది. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలో, ప్లగ్గు ఎలా విప్పాలో, అన్నీ దూరంనుంచి చూసి నేర్చుకున్నాను.

ఆ ఏడు దసరా వచ్చింది. మోటారుకి మా ఇంట్లో అది మొదటి దసరా.

ఇక్కడ మీకు మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చెరుకు ఆడే ముందు గానుగకి పసుపు రాస్తాం, బొట్టు పెడతాం, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు గానుగ నోట్లో పోస్తాం. ఆ తరవాతే మొదటి గడ పెడతాం. ఏడాదంతా మనకి పెట్టేదానికి ముందు మనం పెట్టాలి అనేది అత్తయ్య. దసరాకి నాగళ్ళకీ, బండికీ, కొడవళ్ళకీ పూజ చేసినట్టే మోటారుకీ చెయ్యాలని ముందురోజే పైడయ్య పసుపూ, కుంకుమా, కొబ్బరికాయా తెచ్చి పెరటి పాకలో దాని పక్కన పెట్టాడు.

పండగ పొద్దున్నే నేను బయట చేరాను. ఆ రోజుల్లో ఆడవాళ్ళు దూరంగా ఉండే చోటు మా ఇంట్లో ఆ పాకే. చాపా చెంబూ పట్టుకుని వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. రెండో మూల మోటారు. నేనున్న చోటికి అత్తయ్య పూజకి రాదు. అప్పటికప్పుడు మోటారుని బయటికి తెచ్చినా అది నాతో పాటు ఉన్నదే. గుమ్మం అవతల నుంచే ఒకసారి చూసి, దానికి తరవాత చేద్దాంలే అని వెళ్ళిపోయింది. వాకిట్లో బండికి పూజ జరుగుతుంటే గంట వినబడుతోంది. నా మూలంగా దీనికి లేకుండా పోయింది కదా అని నాకు ఏడుపొచ్చింది. వెర్రిగా ఉందా? మీకు వెర్రిగానే ఉండొచ్చు. గొడ్డలికి బొట్టు పెట్టారు, చీపురుకి బొట్టు పెట్టారు, ఏరు దాటించే మోటారుకి పెట్టలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి నడుం వాల్చారు. నేను లేచాను. ముట్టుకోకూడదని తెలుసు. ట్యాంకు మూత విప్పి, ఎవరి కంటా పడకుండా మూత లోపలి వైపున పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. కొబ్బరికాయని గుడ్డలో చుట్టి, చప్పుడు కాకుండా గుంజకేసి కొట్టాను. గానుగకి నోరు ఉన్నట్టే దీనికి ట్యాంకు నోరు అనుకున్నాను. నాలుగు చుక్కలు పోద్దామనుకున్నాను. చిప్ప ఒరిగిపోయి అందులో ఉన్నదంతా గడగడమని లోపలికి పోయింది. ఒక్క క్షణం భయం వేసింది. తరవాత మనసు తేలికపడింది. దేవుడికిచ్చింది ఎక్కడికి పోతుందిలే అనుకుని, మూత బిగించి, చిప్పలు గడ్డిలో దాచేశాను. నీళ్ళూ పెట్రోలూ కలవవని నాకెవరు చెప్పారు?

మర్నాడు నేను పక్కకి తప్పుకుంటే పైడయ్య వచ్చి మోటారుని భుజాన వేసుకు వెళ్ళాడు. పూజకి అడ్డొచ్చిన మైల పనికి అడ్డు రాలేదు. కొబ్బరికాయ ఏమైందని ఆయన అడగలేదు, ఇంట్లోకి తీసుకుపోయి ఉంటారని అనుకున్నాడేమో. పైన కొండల్లో వాన పడి ఏరు ఎర్రగా పారుతోంది. చెరుకు గడలు వాలిపోకుండా జడలు కట్టాలని కూలివాళ్ళు ఎక్కారు, పని చూడటానికి అత్తయ్య కూడా ఎక్కింది. పాకలో కూర్చుని నేను చప్పుడు వింటున్నాను. మొదట బాగానే వెళ్ళింది. నడిమికి చేరి ఉంటుంది, చప్పుడు మారింది. ఒక దగ్గు దగ్గింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ దగ్గింది. గొంతులో మెతుకు అడ్డం పడ్డ మనిషిలా ఉక్కిరిబిక్కిరి అయింది. ఆ తరవాత చప్పుడు లేదు. రేవులో జనం కేకలు పెట్టడం మాత్రం వినబడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఒక్క మాట కోసం ఈ ఏళ్ళన్నీ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పడవ కొట్టుకుపోయి చాలా దిగువన జమ్ములో చిక్కుకుంటే పైడయ్య గెడ వేసి ఒడ్డుకి చేర్చాడట. అత్తయ్య నడుం దాకా తడిసి, జుట్టు ముడి ఊడిపోయి ఇంటికి వచ్చింది. ఆ మనిషి పెదవులు వణకడం నేను చూసింది అప్పుడే.

పైడయ్య మోటారుని మళ్ళీ గోలెం మీద బిగించాడు. పంకాకి నాచు చుట్టుకుందేమోనని చూశాడు, లేదు. ప్లగ్గు విప్పి తుడిచి బిగించాడు. తాడు గుంజితే లేచేది, పట్టుమని నిలవకుండా తడబడేది, కొంచెం వేగం పెంచితే చచ్చిపోయేది. రోజంతా అదే పని. నేను స్నానం చేసి ఇంట్లోకి వచ్చిన రోజున అత్తయ్య అనకాపల్లి నుంచి లారీల మేస్త్రీని పిలిపించింది. ఆయన కార్బొరేటరు కింద ఉన్న చిన్న గిన్నె విప్పి, అందులోది గాజుగ్లాసులో పోసి ఎండకి పట్టుకున్నాడు. పైన పెట్రోలు, అడుగున నీళ్ళు. మధ్య గీత గీసినట్టు ఉంది. జల్లెడకి చిన్న పోగు ఏదో అంటుకుని ఉంటే చెత్త అని లాగు మీద తుడుచుకున్నాడు. అది కొబ్బరి పీచు. దగ్గరగా నిలబడ్డది నేనే, చూసింది నేనే.

లారీల్లో ఇది మామూలే అన్నాడు మేస్త్రీ. పెట్రోలు లాగేసి అమ్ముకుని, కొలత తగ్గకుండా నీళ్ళు పోస్తారట. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. పెట్రోలు డబ్బా తాళం ఉండేది పైడయ్య దగ్గరే.

ఆ తరవాతి మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు.

"నీళ్ళెలాగొచ్చేయిరా పైడయ్యా?" అంది అత్తయ్య.

"నాకు తెల్దమ్మగోరూ."

"తాళం నీకాడే గదా ఉంటాది?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకాడే ఉంటాది."

"మరింకెవులు పోసేరు? వానకి పడ్డాయేటి?"

"నాను పొయ్యనేదమ్మగోరూ. నా బిడ్డల మీదొట్టు."

"బిడ్డల మీద ఒట్లెయ్యకు. పడవలో ఇంతమందిమి ఉన్నాం, మునిగిపోతే నువ్వేటి సెప్పేవోడివి? తాళం ఇలా పెట్టీసి ఎల్లు. రేవులో మరి కనపడకు."

పైడయ్య మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పి గోలెం అంచు మీద పెట్టాడు. ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని. నా ముఖంలోకి కూడా చూశాడు. నేను తల తిప్పుకుని, ఆరేసిన వడియాల మీద వాలిన కాకిని అదిలించాను. నిజంగా కాకి ఉందా? ఉందనే అనుకుంటాను. లేకపోయినా అదిలించి ఉండేదాన్ని.

ఆ సాయంత్రం అత్తయ్య తాళంచెవి నా చేతికే ఇచ్చి డబ్బా లోపల పెట్టించమంది. మూత తీసి గ్లాసులో పోసి చూశాను. చుక్క నీరు లేదు. స్వచ్ఛమైన పెట్రోలు. పెట్రోలు అమ్ముకున్నవాడు నీళ్ళు డబ్బాలో కదా పోస్తాడు? ఆ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, అత్తయ్యా, ఇది చూడండి అంటే చాలు. నా సంగతి బయటపెట్టకుండానే ఆయన్ని బయటపడెయ్యగలిగేదాన్ని. అది కూడా చెయ్యలేదు. ఒక ప్రశ్న లేస్తే రెండో ప్రశ్న నా దగ్గరికి వస్తుందని భయం. గ్లాసులోది డబ్బాలో పోసి తాళం వేశాను. మొదటిది పొరపాటు. తప్పు అక్కడ మొదలైంది, ఆ గ్లాసు దగ్గర.

మోటారుకి గోనెగుడ్డ చుట్టి పాకలో ఒక మూల పడేశారు. అత్తయ్య దాని ముఖం చూడనంది. రేవులో మళ్ళీ గెడ పడవే. ఊళ్ళో పైడయ్యకి నీళ్ళ పైడయ్య అని పేరు పెట్టారు. ఆయన కల్లు తాగితే నీళ్ళు కలిపేవా అని అడిగేవారు, పాలు కొంటే నువ్వే పోశావా అని నవ్వేవారు. ఎవరూ పడవ పని ఇవ్వలేదు. చెరుకు కొట్టడానికి కూలికి వెళ్ళేవాడు, అది కూడా మా పొలానికి కాదు. దారిలో ఎదురైతే పక్కకి తప్పుకునేవాడు. నేను కూడా తప్పుకునేదాన్ని. ఇద్దరం చెరో పక్కకీ తప్పుకుంటే మధ్యలో దారి ఎంత వెడల్పయ్యేదో.

ఎందుకు చెప్పలేదు? అత్తయ్యకి భయపడి అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజుల్లో మోటారు ముట్టుకున్నాను, బొట్టు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను అంటే, మైల తగిలి ఇంతమంది ప్రాణాల మీదికి వచ్చిందనేది. పుట్టింటికి పంపినా పంపేది. ఇదంతా నిజమే. కానీ కిందటేడు అత్తయ్య పోయింది. పెద్దకర్మ అయింది. నన్ను అడిగేవాళ్ళు ఇంట్లో లేరు. అప్పుడైనా చెప్పానా? సంవత్సరీకం దాకా నోరు పెగల్లేదు. నా భయం అత్తయ్యని చూసి కాదని అప్పుడు తెలిసింది. బంగారం లాంటి కోడలు అన్న పేరుంది చూశారూ, అది పోతుందని. ఇంకొకరి పేరు తగలబెట్టి నా పేరు కాచుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

మా ఆయన ఇప్పటికీ అనకాపల్లిలోనే, పొలం నా నెత్తిన పడింది. ఈ వానాకాలం ఏరు పొంగి రోజుల తరబడి పడవ ఆగిపోయింది. అవతలి ఒడ్డున ఒక బాలింతకి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తేవడానికి నీళ్ళు తగ్గేదాకా కాచుకుని కూర్చున్నారు. ఆ పిల్ల బతికింది, తన అదృష్టం. ఆ కబురు విన్న రోజున నేను పాకలోకి వెళ్ళి గోనెగుడ్డ విప్పాను.

గోలెం కడిగించాను. మోటారు బిగించాను. కూలి ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. కొత్త పెట్రోలు తెప్పించి ఆయిలు కలిపి పోశాను. ప్లగ్గు మసి పట్టి ఉంటే గరుకు కాగితంతో గీకి, అప్పట్లో పైడయ్య చేసినట్టే దాన్ని ఇనుముకి ఆనించి తాడు గుంజి చూశాను. నీలంగా నిప్పురవ్వ లేచింది. అంటే దోషం అక్కడ కాదు. ప్లగ్గు బిగించి గుంజాను. గుంజి గుంజి అరచేతులు బొబ్బలెక్కాయి. ఎట్టకేలకి లేచింది. లేచి, అదే దగ్గు. అదే తడబాటు. వేగం పెంచగానే పోయింది. ఆ చప్పుడు వినగానే ఆనాటి కేకలన్నీ మళ్ళీ చెవిలో పడి, గోలెం పక్కనే కూలబడ్డాను.

తరవాత లేచి గిన్నె విప్పాను. ఈసారి నీళ్ళు లేవు. పాత పెట్రోలు ఎండిపోయి లోపలంతా బెల్లం పాకం మాడినట్టు గోధుమరంగు జిగురు. పెట్రోలు వెళ్ళే సన్నటి బెజ్జం దానితో పూడిపోయింది. తీగ పెడితే బెజ్జం పెద్దదవుతుందని కొబ్బరి చీపురు పుల్లని సన్నగా చీల్చి, మెల్లగా తిప్పి తిప్పి తీశాను. పెట్రోల్లో కడిగాను. ట్యాంకు కూడా కడుగుదామని మూత విప్పితే లోపలి అంచున ఎర్రగా కనబడింది. నా కుంకుమ. ఇన్నేళ్ళు పెట్రోలు పక్కన ఉండి కూడా మూత మరల గాడుల్లో కొంచెం మిగిలింది. వేలితో తుడవబోయి ఆగిపోయాను. దాన్ని అలాగే ఉంచి మూత బిగించాను.

తాడు గుంజాను. లేచింది. దగ్గలేదు. వేగం పెంచాను, తగ్గించాను, మళ్ళీ పెంచాను. ఒకటే ధారగా మోగింది. గోలెంలో నీళ్ళు అంచులు దాటి నా కాళ్ళ మీద పడుతుంటే ఏడ్చాను. సంతోషం వల్లనే ఏడ్చాను, అబద్ధం చెప్పను. ఇంత చిన్న పూడిక. తియ్యడానికి ఒక చీపురు పుల్ల చాలు. చేతులు తుడుచుకోకుండానే పైడయ్య ఇంటికి బయలుదేరాను. తుడుచుకునేపాటి వ్యవధి ఇస్తే నా కాళ్ళు ఆగిపోతాయని తెలుసు.

ఇది ఈ ఉదయం మాట. ఆయన అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. జుట్టు బాగా తెల్లబడింది. నేను నిలబడే చెప్పాను. బయట చేరడం, బొట్టు, కొబ్బరికాయ, చిప్పలు, పీచు, డబ్బాలో నీళ్ళు లేకపోవడం, అన్నీ చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు ఆయన. చెప్పడం అయ్యాక పేనుతున్న తాడు పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను. ఎందుకు చేశావని అడుగుతాడనుకున్నాను.

"అయితే మా అప్పన్న కాదన్నమాట," అన్నాడు.

అప్పన్న ఆయన తమ్ముడు. ఆ రోజుల్లోనే ఏరు దాటి దేవరాపల్లి వైపు భార్య పుట్టింటికి వెళ్ళిపోయాడని తెలుసు. ఇంటిగోడ తగువనుకున్నాం అందరమూ.

"రాత్రులు ఆడు పడవకాడే తొంగునేవోడు. లారీలోల్లతోటి తిరిగేవోడు. నాను పొయ్యనేదు, మరి ఆడే పోసేడనుకున్నాను. కాదన్నాడు. ఒట్టేసేడు. నమ్మనేదు. సెంప మీద కొట్టేను సిన్నమ్మగోరూ. ఆ సాయంత్రమే పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని ఏరు దాటీసేడు. ఆడి గుంట పెళ్ళికి పిలిస్తే ఎల్లనేదు నాను."

ఇది నాకు తెలియదు. నేను ఒక మనిషి పొట్ట కొట్టాననుకున్నాను. రెండిళ్ళ మధ్య ఏరు పెట్టానని తెలియదు. ఒక అబద్ధం చెప్పకపోయినా, ఒక నిజం చెప్పకపోతే అది మనకి తెలియని ఇళ్ళలోకి కూడా వెళ్ళి కూర్చుంటుందా? అక్కడే గుమ్మంలో చతికిలపడ్డాను. ఆయన నన్ను లేవమనలేదు. లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

"మోటారు నడుస్తందా?" అన్నాడు. నడుస్తోందన్నాను.

"అయితే నన్ను అవతల దింపండి. ముందు రేవులో సెప్పండి. అక్కడే గదా నన్నన్నారు."

రేవులో సంతకి వచ్చి తిరిగి వెళ్ళలేక ఆగిపోయిన జనం ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. గట్టిగానే చెప్పాను. దసరాకి ట్యాంకులో కొబ్బరినీళ్ళు పోసింది నేను, పైడయ్య కాదు అని. ఒక ముసలమ్మ, ఓలమ్మ, అదెప్పటి మాట అంది. ఎవరో నవ్వారు. నీళ్ళ పైడయ్య అని మొదట పేరు పెట్టినాయన బీడీ వెలిగించుకోవడంలో పడ్డాడు. అంతే. ఊరు తలకిందులవుతుందని ఇన్నేళ్ళు వణికిపోయాను. ఊరికి మరుపొచ్చేసింది. మరుపు రానిది పైడయ్యకీ, నాకూ, అవతలి ఒడ్డున ఉన్న అప్పన్నకీ.

రేవులో ఒక ముక్క మింగేశాను. బయట చేరిన సంగతి అక్కడ మగాళ్ళ ముందు నోట రాలేదు. అది ఇక్కడ మీతో చెప్పేశాను, ఇక నా దగ్గర దాచుకున్నది ఏమీ లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మోటారు పాడయింది నా మైల వల్ల కాదు. కొబ్బరినీళ్ళ వల్ల. మడి కట్టుకుని అత్తయ్య పోసి ఉన్నా అది అలాగే దగ్గేది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి గిన్నె విప్పి చూడాల్సి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ఆ పాకలో ఎవరూ కూర్చోరు. అందులో మోటారు ఉంటుంది.

కూలివాళ్ళ చేత మోటారుని రేవుకి మోయించి పడవకి బిగించాను. పడవలో పైడయ్య మోటారు దగ్గర కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. ముందుకి వెళ్ళి, నాకు వీపు పెట్టి, మామూలు మనిషిలా చెక్క మీద కూర్చున్నాడు. సంతజనం కొంతమంది భయపడుతూనే ఎక్కారు. తాడు గుంజాను. ఏరు ఎర్రగా పారుతోంది. నడిమికి వచ్చేసరికి నా ప్రాణాలన్నీ చెవుల్లోనే ఉన్నాయి. చప్పుడు మారలేదు. అదే ధారగా అవతలికి చేర్చింది. మధ్యలో ఒక్కసారి ఆయన తల కొంచెం పక్కకి వంచాడు, మోటారు వింటున్నాడు.

నన్ను క్షమించానని ఆయన అనలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు లేదనిపించింది, ఇప్పటికీ లేదనే అనిపిస్తోంది. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇవాళ మధ్యాహ్నం అన్నం తింటే రుచి తెలిసింది.

పొద్దున అవతలి ఒడ్డున బురదలో దిగి పంచె ఎగగట్టుకుంటున్న పైడయ్యని, సాయంత్రం తీసుకెళ్ళడానికి ఎప్పుడు రమ్మంటావు అని అడిగాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. చెరుకు మధ్య దారి వైపు చూస్తూ అన్నాడు:

"మీరు రావద్దు సిన్నమ్మగోరూ. ఏరు తగ్గేక మా తమ్ముడు దింపుతాడు."